రోజూ మెయిన్ బంద్ చేసే చోట

తీసెయ్యను. ఆ వాక్యం తీసెయ్యను, దాని కింద ఉన్న పేరూ తీసెయ్యను. మహబూబాబాద్‌లో బండెక్కినప్పటి నుంచి ఇదే మాట లోపల తిరుగుతోంది. స్టేషన్ ఘన్‌పూర్‌లో పక్క లైన్లోకి జరిగి బండి ఆగిపోయాక ఇంకా గట్టిగా తిరుగుతోంది. పైకి మాత్రం ఎప్పటిలాగే బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కిటికీ చువ్వ పట్టుకుని, ఎవరికీ అడ్డం రాకుండా కూర్చున్నాను. ఎదురు సీట్లో శనగలు నములుతున్న ముసలమ్మ ఏ ఊరు బిడ్డా అంటే నర్సింహులపేట దిక్కు తండా అన్నాను, ఆమెకు సగమే వినబడింది, నా మాట ఎవరికైనా సగమే వినబడుతుంది. మా ప్యాసింజర్‌ను ఇక్కడ ఇట్లాగే ఆపుతారు, వెనక వచ్చే పెద్ద బండ్లు దాటిపోయేదాకా. ఒకటి పోయింది, అద్దాలన్నీ మూసుకుని, మా వైపు చూడకుండా. ఇంకొకటి రావాలట. జనగామ దగ్గరే, కదిలితే ఎంతసేపు, కానీ జనగామ స్టేషన్‌లో అఖిల్ అన్న నిలబడి ఉంటాడు, మా కాలేజీలో ఆఖరి సంవత్సరం, అందరికంటే బాగా ఇంగ్లీషు మాట్లాడేవాడు. అందుకే బండి కదలకముందే నాకు నేను తేల్చుకోవాలి. ఆయన మెసేజ్ మళ్ళీ తీసి చూశాను. "చాందీ, జవాబు నేను రాసి పెట్టిన. నువ్వు పంపింది వాపస్ తీసుకో, నేను నా పేరు మీద పెడ్త. సార్ కూడా గదే అన్నడు. స్టేషన్‌కు వస్తున్న."

దాని కింద ఒక మెయిల్ ఉంది, అది ఏ దేశం నుంచి వచ్చిందో నాకు తెలియదు. లినక్స్‌తో నడిచే కంప్యూటర్లలో ఒక రకం హార్డ్ డిస్కులను ఎట్లా అమర్చుకోవాలో చెప్పే ఇంటర్నెట్ పేజీని చూసుకునే మనిషి రాసింది. ఆ పేజీ ఎవరైనా చదువుకోవచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్ది పంపొచ్చు, పంపేవాళ్ళు కింద తమ పేరుతో ఒక వరుస రాయాలి, ఇది నా పని, దీనికి నాదే పూచీ అని. ఆ పేజీలో ఒక మెట్టు తక్కువుంది, నేను ఆ మెట్టు రాసి, ఎందుకు కావాలో రాసి, పేరు పెట్టి పంపాను. ఆ పేజీ మనిషి మర్యాదగానే అడిగాడు: ఇట్లాంటి డిస్కులున్న మిషన్లను రోజూ బంద్ చేసి మళ్ళీ పెట్టేవాళ్ళు ఉండరు కదా, మీరు రాసిన సందర్భం నిజంగా జరిగేదేనా, కొత్త వెర్షన్లలో ఈ అవసరమే లేదు, ఇవ్వాళ్టిలోగా జవాబు లేకపోతే దీన్ని మూసేస్తాను. నిజంగా జరిగేదేనా అట. నేను చూసిందీ, నా మీద పడిందీ, నన్ను అందరి ముందు నిలబెట్టిందీ, అది జరిగేది కాదట. ఉండరు కదా అన్నాడు. ఉన్నాం. దుర్గమ్మ ఉంది, నేనున్నాను.

దుర్గమ్మ మా కంప్యూటర్ ల్యాబు అటెండరు. సాయంత్రం చివరి పిల్ల చెప్పులేసుకుంటుండగానే స్టూలెక్కి కరెంటు మెయిన్ స్విచ్చి కిందికి గుంజుతుంది, ఎవరి మిషన్ నడుస్తోందో చూడదు, ఫ్యాన్లు, లైట్లు, మిషన్లు అన్నీ ఒక్కసారే నిద్రపోతాయి. నేను చేరకముందు ఒక ఎండాకాలం పాత వైర్లు అంటుకుని కిటికీ పరదాలు కాలాయట. దుర్గమ్మే ఇసుక తెచ్చి పోసిందట, మళ్ళీ దుర్గమ్మనే పిలిచి ఎందుకు కాలిందో చెప్పమన్నారట. అప్పటి నుంచి ఎవరు చెప్పినా వినదు. ఒక రోజు మెల్లగా అడిగాను, జరసేపు ఆగొచ్చు కదా అవ్వా అని. "ఇల్లు కాలితే నన్నడుగుతరు, డిస్కు పోతే నిన్నడుగుతరు, ఎవల భయం వాళ్ళకు చాందమ్మా," అని స్టూలు దిగి, చీర దులుపుకుని, తాళం వేసింది. నాకు కోపం రాలేదు. ఆ తాళంచెవి చప్పుడు ఇష్టం కూడా, అది వినగానే హాస్టల్‌కు పోయి డైరీ రాసుకోవచ్చు, డైరీ దగ్గర నా మాట సగం వినబడదు, మొత్తం వినబడుతుంది.

బయట వాన పట్టుకుంది. లైను పక్క పొలంలో ఆడవాళ్ళు ప్లాస్టిక్ కవర్లు తలమీద కప్పుకుని నాటేస్తున్నారు, వంగి, వెనక్కి వెనక్కి జరుగుతూ. యాడి కూడా ఇప్పుడు ఎవరిదో మడిలో ఇట్లాగే వంగి ఉంటుంది, అమ్మను మేం యాడి అంటాం. నాటిన చోట మళ్ళీ కాలు పెట్టిన పిల్లను యాడి ఊరుకోదు, బురద చేత్తోనే వీపు మీద ఒకటిస్తుంది. ఆ డిస్కులు నాకు అర్థమైంది యాడి చేతి దెబ్బతోనే. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు వాడకం తీసేసిన డిస్కులు ఒక పెట్టెడు మా కాలేజీకి ఇచ్చింది, పెద్దవి, ఒక్కోదాంట్లో ల్యాబు మొత్తం పడుతుంది, కానీ పెడితే ఏ మిషనూ వాటిని గుర్తుపట్టలేదు. చెడిపోయినవని బీరువా కింద తోశారు. మాకు కంప్యూటర్లు చెప్పే సంపత్ సార్ ఆ లినక్స్ పేజీ ప్రింటు తీసి ఎవరైనా చూడండ్రి అని బల్ల మీద పడేస్తే ఎవరూ తీసుకోలేదు, నేను తీసుకున్నాను, చెయ్యెత్తకుండా, సార్ పోయాక. మామూలు డిస్కులో ఎక్కడ కావాలంటే అక్కడ రాయొచ్చు. ఇవి మడులు మడులుగా ఉంటాయి, జోన్లంటారు. ఒక మడిలో ఒక కొస నుంచి వరుసగా రాసుకుంటూ పోవాలి, నడుమల దూరడానికి లేదు, మార్చాలంటే ఆ మడి మొత్తం చెరిపి మళ్ళీ మొదటి నుంచి. ఇంగ్లీషులో ఎన్నిసార్లు చదివినా తలకెక్కలేదు, తర్వాత అన్నం తింటుంటే వీపు చురుక్కుమన్నట్టయింది, ఓహో, నాటు! ఇక ఆ పేజీ నాకు మా పొలం కథ లాగే అనిపించింది. రాతలు వరుస తప్పకుండా చూసేది ఒకటుంటుంది, షెడ్యూలర్ అని, దాన్ని పెట్టమని పేజీలో ఒక మెట్టుంది. అది మా తుల్సీరాం మామ. ఒడ్డు మీద నిలబడి నారు కట్టలు విసురుతాడు, ముందు ఎవరికి కావాలో వాళ్ళ ముందే పడుతుంది. ఆయన లేకపోతే కట్టలు ఎక్కడంటే అక్కడ పడతాయి, ఆడవాళ్ళు తిట్టుకుంటారు, వరుస చెడుతుంది.

పెట్టాను. పేజీలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క మెట్టు తప్పకుండా. బీరువా కింది డిస్కు లేచింది. సంపత్ సార్ ఆ రోజు నన్ను పేరు పెట్టి పిలిచాడు. తండాల్లో, చిన్న ఊళ్ళల్లో నెట్ రాని పిల్లలకు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలని సార్ పాఠాలు సెల్లులో వీడియో తీసి పెట్టాడు, గొంతు పోయేదాకా చెప్పి తీశాడు, అవన్నీ అందులో వేయించాడు. నేనే వేశాను. వేస్తున్నంతసేపు, ఇవి మా తండాకు కూడా పోతాయి, కాంతారావు దుకాణం ముందు పిల్లలు సెల్లులో చూస్తారు అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. తెల్లారి ఇంకొన్ని వేస్తుంటే తప్పు, తప్పు, తప్పు అని తెర మీద ఎర్రగా. డిస్కు ఇక రాయనంది. అందరూ చుట్టూ మూగారు. అఖిల్ అన్నే ఏదో ఒకటి చేద్దామని మొత్తం చెరిపి మళ్ళీ మొదలుపెట్టాడు, పాఠాలు పోయాయి, సెల్లులోవి అంతకుముందే తీసేశారు, ఇంకెక్కడా లేవు. సంపత్ సార్ పెద్దగా అరవలేదు. అరిస్తే బాగుండేది. కుర్చీలో కూర్చుని, "తండా నుంచి వచ్చిన పిల్లకు గింత పని చెప్పుడు నాదే తప్పు," అన్నాడు. క్లాసు నవ్వింది. అందరూ కాదు, నవ్వనివాళ్ళు నేల చూశారు, అది నవ్వు కంటే బరువు. నేను చెప్పాలనుకున్నాను, సార్, పేజీలో ఉన్నట్టే చేసిన, ఒక్క అక్షరం మార్చలేదు అని. నోట్లోంచి గాలి వచ్చింది. ఆ రోజు డైరీలో ఆ గాలినే పేజీ నిండా రాశాను.

పేజీలో ఉన్నట్టే చేశాను. అట్లయితే తప్పు నాలో లేదు, పేజీలో ఉండాలి. ఈ ఆలోచన రావడానికే నాకు చాలా ధైర్యం కావాల్సి వచ్చింది, అచ్చులో ఉన్నది తప్పవుతుందని ఎవరు చెప్పారు మాకు? ఊరి బడిలో అచ్చులో ఉన్నది పెద్దగా చదవమనేవాళ్ళు, తప్పుందేమో చూడమని ఎవరూ అనలేదు. చెరిపేసిన డిస్కు మీదే మళ్ళీ పెట్టాను. సాయంత్రం బాగుంది, షెడ్యూలర్ ఎవరు అని మిషన్‌ను అడిగితే నేను పెట్టిన పేరే చూపింది. తెల్లారి అడిగాను. ఎవరూ లేరు అంది. ఒడ్డు ఖాళీ. తుల్సీరాం మామను పొద్దున్నే ఎవరో ఒకరు పోయి తలుపు కొట్టి పిలవాలి, నిన్న వచ్చాడు కదా, ఇవ్వాళా వస్తాడులే అనుకుంటే రాడు, ఆయన రోజు కూలీ, జీతగాడు కాదు. పేజీ రాసినవాళ్ళు ఒక్కసారి పిలిచి, ఇక ఉంటాడు అనుకున్నారు. వాళ్ళ మిషన్లు ఎప్పుడూ ఆగవు, వాళ్ళకు తెల్లారడం అనేదే లేదు, కాబట్టి ఒడ్డు ఖాళీ అవ్వడం వాళ్ళు చూడలేదు. మేం చూశాం, ఎందుకంటే మాకు రోజూ తెల్లారుతుంది. మిషన్ లేచిన ప్రతిసారీ దానంతటదే ఆ పేరు పెట్టుకునేట్టు ఒక చిన్న ఫైల్లో ఒక వరుస రాసి పెట్టాలి, అంతే, కూలికి కాదు జీతానికి కుదుర్చుకున్నట్టు. రాశాను. దుర్గమ్మ మెయిన్ గుంజింది. తెల్లారి ఎసరు మూత తీసి చూసినంత భయంగా చూశాను. మామ ఒడ్డు మీదే ఉన్నాడు. ల్యాబులో ఎవరూ లేరు, నేనొక్కదాన్నే పెద్దగా నవ్వాను, ఆ చప్పుడు నాకే కొత్త. దుర్గమ్మ తొంగి చూసి, "ఏందే, దయ్యం పట్టిందా," అంది.

రెండో పెద్ద బండి వస్తున్నట్టుంది, పట్టాలు సన్నగా మోగుతున్నాయి. సార్‌కు చూపించాను, మాటల్లో కాదు, తెర మీద. సార్ చాలాసేపు చూసి తల ఊపాడు, కానీ వెంటనే, "అంటే మెయిన్ బంద్ చేసుడే అసలు సమస్య," అన్నాడు. దుర్గమ్మ మీద పైవాళ్ళకు ఫిర్యాదు కాగితం పెడతానన్నాడు. కాదు సార్, మెయిన్ గుంజకుండా పద్ధతిగా బంద్ చేసి కూడా చూసిన, గట్లనే పోయింది, అవ్వ తప్పేం లేదు అన్నాను, ఈసారి గాలి కాదు, మాటే వచ్చింది, సగం. నేను కాకపోతే దుర్గమ్మ, దుర్గమ్మ కాకపోతే నేను, పేజీ మాత్రం ఎప్పటికీ కాదు, ఎందుకంటే అది దూరం నుంచి వచ్చింది. అందుకే పంపేటప్పుడు ఆ వాక్యం రాశాను, మా ల్యాబులో రోజూ సాయంత్రం మెయిన్ బంద్ చేస్తారు, ఎట్లా బంద్ చేసినా ఇదే జరుగుతుంది అని. ఇప్పుడు సార్‌కు ఆ వాక్యం వద్దట, కాలేజీ ఇజ్జత్ పోతుందట. అఖిల్ అన్నకు పేరు వద్దట. మొన్న ల్యాబులో బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతూ అన్నాడు, "చాందీ అంటే వాళ్ళు వెండి పట్టీల దుకాణం అనుకుంటరు. నా పేరు మీద ఉంటే నౌకరీకి పనికొస్తది, నీకిప్పుడేం తొందర? కింద థ్యాంక్స్ చాందీ అని పెడ్తలే." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వినట్టు పెదాలు పెట్టాను. ఆ పెదాలను ఇప్పుడు పీకి కిటికీలోంచి పారేయాలని ఉంది. చాందీ మా నాయనమ్మ పేరు, ఆమె చనిపోయిన ఏడాది పుట్టానని నాకు పెట్టారు. ఆమె వేలిముద్ర వేసిందే తప్ప ఎక్కడా పేరు రాసుకోలేదు.

ఫోన్ మోగింది. బాపు, మా నాయన. భూపాలపల్లిలో బొగ్గు బావిలో కాంట్రాక్టు కూలీ, బావిలోంచి పైకొచ్చినట్టున్నాడు, వెనక నీళ్ళ చప్పుడు, ఎవరో దగ్గడం. ఇంట్లో మేం మాట్లాడేది మా తండా భాష. బండ్లలో ఆ భాష మాట్లాడితే జనం తిరిగి చూస్తారని నేను ఎప్పుడూ ఊఁ, ఆఁ అని పెట్టేస్తాను. ఇవ్వాళ పెట్టెయ్యలేదు. మా భాషలోనే, మొత్తం చెప్పాను, డిస్కు సంగతి వదిలేసి, నా పని వేరేవాళ్ళ పేరు మీద పెడతారట అని. బాపు నల్లా బంద్ చేశాడు, నీళ్ళ చప్పుడు ఆగింది.

"నువ్వు చేసింది సరైనదేనా?" అన్నాడు.

"సరైనదే బాపు. మళ్ళీ మళ్ళీ చూసిన."

"మరి నన్నెందుకడుగుతున్నవ్?"

"అడుగుతలేను. చెప్తున్న."

నవ్వాడు, నవ్వుతో దగ్గు. "మా కాడ లోపలికి దిగేముందు ఎవని నంబరు బిళ్ళ వాడే ఇచ్చి లైటు తీసుకోవాలె. రాజేశంగాడు ఒకపారి, అన్నా, నీ బిళ్ళ కూడ నేనే ఇచ్చొస్త, నువ్వు మెల్లగ రా అన్నడు. నేనొద్దన్న. పైన బోర్డు మీద నా బిళ్ళ ఉంటేనే నేను లోపలున్నట్టు. కప్పు కూలితే గా బిళ్ళ చూసే వెతుకుతరు. నా బిళ్ళ ఇంకోడు ఇస్తే నేను లోపలున్నట్టా, బయటున్నట్టా?" తర్వాత యాడి కాలి పుండు తగ్గిందా అని, నేను తిన్నానా అని అడిగి పెట్టేశాడు. ముసలమ్మ శనగల పొట్లం నా వైపు చాపింది. "గదేం భాష బిడ్డా?" అంది. ఇట్లా అడిగితే నేను ఎప్పుడూ ఏం లేదవ్వా అంటాను. "మాది," అన్నాను. ఆమెకు మొత్తం వినబడింది. "తియ్యగుంది," అని ఒక పిడికెడు నా చేతిలో పోసింది.

శనగలు ఒడిలో పోసుకుని జవాబు రాయడం మొదలుపెట్టాను, బొటనవేలితో, నాకు వచ్చిన ఇంగ్లీషులో. అందమైన ఇంగ్లీషు కాదు, చిన్న చిన్న వాక్యాలు, ఒకదాని వెనక ఒకటి, నాటు వేసినట్టు, వెనక్కి తిరిగి కాలు పెట్టకుండా. మీరు అడిగిన సందర్భం నిజం. మా ల్యాబు జనగామలో ఉంది. రోజూ సాయంత్రం మెయిన్ బంద్ చేస్తారు, మా అటెండరు పేరు దుర్గమ్మ, ఆమెకు సరైన కారణం ఉంది. పద్ధతిగా బంద్ చేసినా ఆ ఏర్పాటు పోతుంది, నేను రెండు తీర్లా చూశాను, ఫలితాలు కింద పెట్టాను. మా మిషన్లు పాత వెర్షన్‌వి, ఆ పాత వెర్షన్లకు ఈ మెట్టు కావాలని మీ పేజీ పైననే రాసి ఉంది. ఎప్పుడూ ఆగని మిషన్లకే ఈ పేజీ అని మీరు ఎక్కడా రాయలేదు. రాస్తే నేను వాపస్ తీసుకుంటాను, కానీ అట్లా రాయకండి, ఎందుకంటే బీరువాల కింద పడి ఉన్న ఇట్లాంటి డిస్కులు మాలాంటి చోట్లకే వస్తాయి. నేను దీన్ని వాపస్ తీసుకోవడం లేదు. రాసి ఆగాను. ఆ చివరి వాక్యం కోపంగా ఉందేమో, ప్లీజ్ అని పెట్టాలేమో, క్షమించండి అని మొదలుపెట్టాలేమో అనిపించింది. మా ఇంగ్లీషు పుస్తకంలో ఉత్తరాలన్నీ అట్లాగే ఉంటాయి. పెట్టలేదు. కోపంగానే ఉన్నాను, ఉండనీ. కింద పేరు వరుస. గుగులోతు చాందీ. ఇంటి పేరుతో సహా, పూర్తిగా, నాయనమ్మ వేలిముద్ర వేసిన చోటంతా నింపేట్టు.

పెద్ద బండి వచ్చింది, మా బోగీ అంతా ఊగింది, ఆ మోతలోనే నొక్కాను. చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, సిగ్నల్ ఒక గీత, గీత కూడా పోయి వచ్చింది. పెద్ద బండి పోయాక పొలంలో ఆడవాళ్ళ మాటలు మళ్ళీ వినబడ్డాయి, ఎవరో ఎవరినో నవ్వుతూ తిడుతున్నారు. చక్రం పోయింది. వెళ్ళింది. ఆయన ఒప్పుకుంటాడో లేదో తెలియదు, ఒప్పుకోకపోతే మళ్ళీ రాస్తాను, మూసేస్తే తెరవమని అడుగుతాను, నాకు అడగడం ఇప్పుడే వచ్చింది, ఇంత తొందరగా మానేస్తానా? మా ప్యాసింజర్ ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది.

జనగామలో వాన ఆగింది. మెట్ల దగ్గర అఖిల్ అన్న ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, పక్కన ఇంకెవరో దోస్తు, సమోసా తింటున్నాడు.

"వాపస్ తీసుకున్నవా?" అన్నాడు.

"లేదన్నా."

"ఏందీ?"

సగమే వినబడింది కాబోలు. బ్యాగు భుజానికి మార్చుకుని, అతని మొహంలోకి చూసి, ప్లాట్‌ఫారం మీదున్నవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా అన్నాను, "వాపస్ తీసుకోలేదు. నా బిళ్ళ నేనే ఇచ్చిన."

"ఏం బిళ్ళ? పాగల్ అయినవా? గా మెయిన్ ముచ్చట కూడ రాసినవా? సార్‌కు ఏం చెప్పాలె నేను?"

దోస్తు సమోసా నమలడం ఆపేశాడు. నేను మెట్ల వైపు నడుస్తూనే ఉన్నాను.

"రాసిన. దుర్గమ్మ పేరు కూడ రాసిన. సార్‌కు నేనే చెప్త," అన్నాను. "నువ్వు రేపు పొద్దున ల్యాబుకు రా అన్నా. దుర్గమ్మ మెయిన్ ఏసినంక, నేను మిషన్‌ను ముట్టుకోను, నువ్వే అడుగు ఒడ్డు మీద ఎవరున్నరో."